పక్షము మాఱిన ప్రకాశము పంతులుగారు



ఈ మహాసభలో ప్రసంగింపుఁడని మాకు వ్రాసినపుడు ఆహ్వానసంఘమువారు విషయమును మా యిచ్చకే విడిచిరి. జీవితమంతయు బడిలో శబ్దమంజరియు రఘువంశమును చెప్పికొని బ్రతికిన మాకు రాజకీయములతో నేమి పనియని మీలో కొందఱు తలంపవచ్చును. కాని నేఁటి సాయంకాలము విషయనిర్ణయ సభకు రానున్న తీర్మానమును చూచిన పిమ్మట మాకు వేఱొక విషయము తోఁచలేదు. పార్టీ మాఱినవారికి మన సంఘము సన్మానములు చేయరాదని యువకులు కొందఱు తీర్మానము పంపియున్నారు. మనవాఁ డే పార్టీలో నుండినను మనవాఁడే, విద్యార్థి వసతిగృహమునకు సాయపడిన చాలునని పోషకులలో కొందఱి యభిప్రాయము. ఈ రెండు మాటలలోను మాకు లోపము కనఁబడుచున్నది. దానిని వట్టి వాదముతో చెప్పుటకంటె ఒక మహాపురుషుని జీవితమును ముందుంచుకొని చెప్పుట మేలని ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారిని ఎన్నుకొంటిమి. పంతులుగారు మన కులమువారు కారు. అందుచేతనే యెన్నుకొంటిమి. మనవారిని గూర్చి మన వేదికమీఁద మొగమాటము లేక మాటలాడుట యెంత కష్టమో మీ రెఱుఁగుదురు.

‘పక్షము’ అను శబ్దమునకు సంస్కృతమున ఱెక్కయనియు, పదునైదు దినముల కాలమనియు, ఒకరి వైపనియు పెక్కర్థములు గలవు. తర్కశాస్త్రమున దానికి వేఱొక యర్థము. కొండమీఁద నిప్పున్నదని నిరూపింపవలసినపుడు కొండ పక్షము, పొగ హేతువు. తార్కికుఁడు పక్షమును చూచి తృప్తినొందఁడు, హేతువేదియని యడుగును. నేఁటి పత్రికలు మాత్రము కొండలను లెక్కపెట్టుచున్నవి, పొగ యెక్కడనుండి వచ్చుచున్నదో చూడవు.

మన పురాణములందును పక్షము మాఱినవా రున్నారు. విభీషణుఁడు రాముని శరణుజొచ్చెను. యుద్ధము ముగియక పూర్వమే సముద్రతీరమున అతనికి లంకాభిషేకము జరిగెను. ఆ యభిషేకమే అతనిపై నిందకు చోటిచ్చినది. ఇంటిగుట్టు లంకకు చేటని మన స్త్రీలు సయితము సామెత చెప్పుదురు. ధృతరాష్ట్రుని కుమారుఁడైన యుయుత్సుఁడు రణరంగమున ధర్మరాజు పిలుపు విని పాండవులలో చేరెను. అతనిని నిందించినవారు లేరు, తలఁచువారును అరుదు. ఇరువురును తమ యన్నలను విడిచినవారే. ఒకనికి రాజ్యము లభించెను, ఒకనికి లేదు. లోకము తీర్పు చెప్పునది ఇక్కడనే.

ఇఁక పంతులుగారి మాట. 1872వ సంవత్సరము ఆగష్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెములో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించఁగా తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్ల యిల్లు నడిపి పోషించిరి. ఉపాధ్యాయుఁడైన ఇమ్మనేని హనుమంతరావు నాయుఁడుగారు ఆ బాలుని చేరఁదీసి చదివించిరి. ఈ యొక్క విషయమును చెప్పినపుడు మా వృత్తివారికి కొంచెము గర్వము కలుగుట సహజము. రాజమహేంద్రవరమున న్యాయవాదియై, పురపాలక సంఘాధ్యక్షులై, ఇంగ్లండునకు పోయి బారిష్టరై, చెన్నపట్టణమున లక్షలార్జించిరి. 1921లో ఆ వృత్తిని విడిచి ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించి ఆర్జించిన ధనమంతయు దానిలో పోసిరి. ఖాసా సుబ్బారావుగారివంటి పత్రికారచయితలు ఆ కార్యాలయమున పనిచేసిరి. పత్రిక నిలువలేదు, ధనమును నిలువలేదు. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘ బహిష్కార దినమున తుపాకులకు రొమ్ము చూపిన కథ మీ పిల్లలకును తెలియును. దానిని మరల చెప్పము. ఆ కథ యెంత చెప్పుదుమో, తరువాతి ముప్పది యేండ్ల కథ నంత మఱచుచున్నాము. మా విషయ మంతయు ఆ మఱచిన భాగమందే యున్నది.

1937లో రాజాజీ మంత్రివర్గమున పంతులుగారు రెవిన్యూ మంత్రి. జమీందారీ విచారణసంఘమునకు అధ్యక్షులై, భూమిపై హక్కు రైతుదేయని నివేదిక వ్రాసిరి. జమీందారీల రద్దు శాసనము 1948లో వచ్చినది; దానికి పునాది ఆ నివేదికలో నున్నది. క్విట్ ఇండియా ఉద్యమమున చెఱసాలకు పోయి 1945లో విడుదలైరి. 1946లో మదరాసు ప్రధానమంత్రి పదవికి గాంధీమహాత్ముఁడు రాజాజీని కోరెను. శాసనసభ్యులు వినలేదు, పంతులుగారి నెన్నుకొనిరి. మహాత్ముని యిష్టమునకు వ్యతిరేకముగ పదవి నంగీకరించిన పంతులుగారే, ఆ మహాత్ముని ఖద్దరు సిద్ధాంతమును పట్టుకొని, రాష్ట్రమున క్రొత్త నూలుమిల్లులు వలదనిరి! మిల్లుల నాశించిన ధనికులకును, వారి మిత్రులగు శాసనసభ్యులకును కంటకులైరి. గ్రామముల బాగునకు ఫిర్కా అభివృద్ధి పథకము నారంభించిరి. పదునొకండు నెలలు నిండకయే 1947 మార్చిలో స్వపక్షమువారే వారిని దింపిరి. ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ఆ స్థానమున కూర్చుండిరి. అప్పటికి పంతులుగారు పార్టీ మాఱలేదు. పార్టీయే వారిని మాఱినది.

1951లో కాంగ్రెసును విడిచిరి. వయస్సు డెబ్బదియెనిమిది దాఁటినది. ఆ వయస్సున మనవంటివారు మనుమల పెండ్లిండ్లు చూచుకొందుము. ఆచార్య రంగాగారును అప్పుడే బయటికి వచ్చిరి. ఆయన కృషికార్ లోక్ పార్టీని పెట్టిరి; పంతులుగారు ప్రజాపార్టీని పెట్టి పిమ్మట కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీతో కలిసిరి. 1952 ఎన్నికలలో 375 స్థానములుగల మదరాసు శాసనసభలో కాంగ్రెసునకు 152 మాత్రమే వచ్చెను. పంతులుగారు కమ్యూనిస్టులతోను ఇతరులతోను కూడి సంయుక్తపక్షముగ నేర్పడి మంత్రివర్గ మేర్పఱచుటకు సిద్ధమైరి. గవర్నరు శ్రీప్రకాశగారు మాత్రము ఆ యెన్నికలలో పోటీచేయని రాజాజీని పిలిచి, శాసనమండలికి నియమించి, ఏప్రిలు 10వ తేదీన ప్రమాణము చేయించిరి. అంతట ఇతర పక్షములనుండి సభ్యులు కాంగ్రెసువైపు జరుగుట ప్రారంభమైనది. ఎదురుపక్షమున గెలిచిన మాణిక్యవేలు నాయకరుగారు మంత్రియైరి. నాఁడు పార్టీ మాఱినవాఁడని పంతులుగారిని దూఱిన నోళ్లే ఈ క్రొత్త చేరికలను దేశక్షేమమని పొగడినవి. కొండవైపు మాత్రమే చూచువారికి ఇట్టి చిక్కులు రాక తప్పవు.

ఇచ్చట నొక కష్టమైన ఘట్టమును దాఁచక చెప్పవలసియున్నది. పంతులుగారి భక్తులు దీనిని తేలికగ దాఁటిపోదురు. పొట్టి శ్రీరాములుగారు 58 దినము లుపవసించి 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆంధ్ర భాగపు శాసనసభ్యులలో కాంగ్రెసునకు మూఁడవ వంతైనను లేదు. కమ్యూనిస్టులు ఇంచుమించు దానితో సమానముగ నున్నారు. కమ్యూనిస్టులకు పగ్గములు చిక్కకుండవలెనన్న కాంగ్రెసునకు పంతులుగారు కావలెను. అప్పటికి ప్రజాపార్టీ సోషలిస్టులతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీయై యుండెను. పంతులుగారు ఆ పార్టీని విడిచి, తా మెదిరించిన కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రియైరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. తెన్నేటి విశ్వనాథముగారు పంతులుగారివెంట వచ్చి మంత్రియైరి. వెనుక మిగిలిన సోషలిస్టులు తమ నాయకుఁడు పదవికొఱకు తమ్ము విడిచెనని దుఃఖించిరి. ఆ దుఃఖము న్యాయమైనదే. ఏడాదిక్రితము సంయుక్తపక్షమున పంతులుగారి ప్రక్క నిలిచిన కమ్యూనిస్టులకును అదే దుఃఖము. ఇది విభీషణాభిషేకమువంటిదే. మేము పంతులుగారియందు గౌరవముగలవారమే యైనను ఈ నింద పూర్తిగ తొలఁగునని చెప్పఁజాలము.

అయిన హేతువును చూడుఁడు. పదమూఁడు నెలల యా పాలనలో గుంటూరున హైకోర్టు వచ్చినది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వచ్చినది. 1952లో తెగిన కృష్ణ ఆనకట్ట స్థానమున విజయవాడయొద్ద క్రొత్త బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగెను. నేఁడు డెల్టా రైతులు త్రాగు నీరును పాఱించు నీరును దానివలననే. దానికి వారి పేరే పెట్టిరి. 1954 నవంబరు 6వ తేదీన మద్యనిషేధ విషయమున అవిశ్వాస తీర్మానము వచ్చెను. ఒక్క వోటు తేడాతో మంత్రివర్గము కూలెను. ఒక్క వోటు! నేఁటి రోజులలో ఒక్క వోటు తక్కువైన నేమి జరుగునో, ఏ విడిదిగృహముల తలుపులు మూయఁబడునో మేము వర్ణింప నక్కఱలేదు. పంతులుగారు దిగిపోయిరి. రాష్ట్రపతి పాలన వచ్చినది. 1955 ఎన్నికల పిమ్మట బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి.

తరువాతను పంతులుగా రూరకుండలేదు. ఒంగోలు ప్రాంతమున హరిజనవాడలో పర్యటించుచు వడదెబ్బ తిని, హైదరాబాదు ఆసుపత్రిలో 1957 మే 20వ తేదీన కాలధర్మము నొందిరి. ఏ పార్టీ విడిచినపుడును వారివెంట ధనము రాలేదు. లక్షలార్జించిన బారిష్టరు బీదవాఁడై పోయెను. తమ యాత్మకథకు ‘నా జీవితయాత్ర’ యని పేరు పెట్టుకొనిరి.

మన యువకులు శాసనముండఁగా తీర్మానమేలయని యడుగువారికి నొక మాట. 1967లో హర్యానాలో గయాలాల్ అను శాసనసభ్యుఁడు కొలఁది దినములలోనే పలుమాఱులు పార్టీలు మార్చి ‘ఆయారాం గయారాం’ అను నానుడికి కారకుఁడయ్యెను. 1985లో ఏఁబదిరెండవ రాజ్యాంగ సవరణ పక్షాంతరము చేసిన సభ్యుని సభ్యత్వమునకు ముప్పు తెచ్చెను. ఆ శాసనమున మూఁడవ వంతు సభ్యులు చీలినచో దోషము లేదని సందు విడిచిరి. 2003లో తొంబదియొకటవ సవరణ ఆ సందును మూసినది. మూఁడింట రెండువంతులు చేరి విలీనమనిన మాత్రము నేఁటికిని దోషము లేదు. ఒక్కఁడు పోయిన ద్రోహి, పెక్కుమంది కలిసి పోయిన పునీతులు! ఇది సంఖ్యాశాస్త్రమేగాని ధర్మశాస్త్రము కాదు. సంఖ్యను లెక్కించు శాసనము హేతువు నడుగదు. అడుగవలసినవారము మనమే.

కావున యువకుల తీర్మానమును మేము పూర్తిగ నంగీకరింపలేము. దానిప్రకారమైన పంతులుగారికి మన వేదికపై పూలదండ దక్కదు. పోషకుల మాటను అసలే యంగీకరింపలేము. తీర్మానమునకు మే మొక సవరణ వ్రాసి కార్యదర్శిగారి చేతి కిచ్చితిమి. పార్టీ మాఱిన యే ప్రముఖునకైన సన్మానము ప్రతిపాదించువారు, ఆయన మాఱుటకు ముందున్న పదవి యేది, మాఱిన యేడాదిలోపల వచ్చిన పదవి యేది, అంతకుముందును తరువాతను ఎన్నికల యధికారులకు సమర్పించిన ఆస్తుల పట్టికలలో తేడా యెంత యనునది వ్రాతమూలముగ కార్యవర్గమునకు తెలుపవలెనని అందులోనున్నది. మన కులమువారికిని ఇతరులకును ఇదియే నియమము. కార్యదర్శిగారు సాయంకాలము నాలుగు గంటలకు దానిని చదివి వినిపింతురు.