వచ్చిన టైమ్ రాయించుకోండి

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన సమావేశంలో ఒక ఆరోగ్యమిత్ర చేసిన ప్రసంగం



ఆరోగ్యశ్రీ అనంగనే అందరూ అడిగేది ఒక్కటే: "ఎన్ని లక్షల దాకా వస్తది?" ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా. 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి పెంచారు. అది మీకు తెలిసిందే. ఇవాళ నేను పైసల గురించి కాదు, టైమ్ గురించి మాట్లాడుతా.

ఒక రాత్రి నేను డ్యూటీలో ఉండంగ ఛాతీనొప్పితో ఒక పెద్దాయనను ఆటోలో తీసుకొచ్చారు. కొడుకు రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని నేరుగా నా కౌంటర్ ముందు లైన్లో నిలబడ్డాడు. తండ్రి బయట బెంచీ మీద కూర్చున్నాడు. కార్డు పని అయితేనే లోపలికి రానిస్తారని వాళ్ళు అనుకున్నారు. అతని వంతు వచ్చినంక గానీ నాకు సంగతి తెలియలేదు. అప్పుడు పరుగున లోపలికి తీసుకుపోయినం. పెద్దాయన బతికిండు. కానీ గుండె బాగా దెబ్బతిన్నది.

తర్వాత కొడుకు అడిగాడు: "మా నాయన ఎంతసేపు బయట కూర్చున్నడు మేడం?" రిజిస్టర్ తీసి చూసినం. ఈసీజీ తీసిన టైమ్ ఉంది. గేటు లోపలికి వచ్చిన టైమ్ లేదు. ఆయన బెంచీ మీద కూర్చున్న సమయం ఏ కాగితంలోనూ లేదు. రాయని దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలేని దాన్ని ఎవరూ సరిచేయరు. నేను ఆ రోజు నేర్చుకున్నది ఇదే.

ముందు మనిషి, తర్వాత కార్డు

ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాలి, ఫార్మాలిటీలు తర్వాత. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా సరే. ఈ మాట సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆరోగ్యశ్రీలో కూడా ఎమర్జెన్సీ కేసుకు ఆసుపత్రి వాళ్ళు ఫోన్ మీద అనుమతి తీసుకొని వైద్యం మొదలుపెట్టవచ్చు. కాబట్టి రోగి వెంట ఒకరు క్యాజువాలిటీ లోపలికి పోవాలి, ఇంకొకరు కార్డుతో మా దగ్గరికి రావాలి.

గుండెపోటు అనుమానం ఉంటే వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. క్యాజువాలిటీలో ముందొచ్చిన వాళ్ళను ముందు చూడరు, ప్రమాదం ఎక్కువున్న వాళ్ళను ముందు చూస్తారు. మీ చేతికి దెబ్బ తగిలి కూర్చున్నప్పుడు, వెనకొచ్చిన ఆయాసం మనిషిని లోపలికి తీసుకుపోతే కోపం తెచ్చుకోవద్దు.

ఆ లెక్క అందరికీ కనబడాలి

ఇంగ్లాండులో ఎమర్జెన్సీకి వచ్చిన వందమందిలో 95 మందిని 4 గంటల్లోగా చూసి, ఇంటికి పంపాలి లేదా వార్డులో చేర్చాలి. ఎంతమందికి అట్లా చేశారో ఆసుపత్రుల వారీగా నెలనెలా బయటపెడతారు. దాంతో అన్నీ బాగుపడ్డాయా అంటే, లేదు. 2015 తర్వాత దేశం మొత్తం మీద ఆ 95ను అందుకోలేకపోయారు. కానీ ఆ సంగతి సామాన్యులకు కూడా తెలుసు. వాళ్ళు అడగగలుగుతారు. మన దగ్గర ఆ అలవాటు ఇంకా రాలేదు.

రేపు మన దవాఖానలో బోర్డు పెట్టినా, "సగటు" ఒక్కటి చూసి ఊరుకోవద్దు. పదిమంది వచ్చారనుకోండి. తొమ్మిదిమంది పది పది నిమిషాలు ఆగారు, ఒకామె రెండు గంటలు ఆగింది. సగటు 21 నిమిషాలే వస్తది. బాగానే ఉందనిపిస్తది. ఆ రెండు గంటలు ఆగినామె మన తల్లి అయితే? అందుకే "ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు ఆగారు?" అని కూడా అడగాలి.

మీరు చేయగలిగినవి

1. చేరంగనే ఫోన్‌లో టైమ్ చూసుకోండి. ఓపీ చీటీ మీద వచ్చిన టైమ్ రాయమని మర్యాదగా అడగండి. డాక్టరు చూసిన టైమ్ మీరే పక్కన రాసుకోండి.

2. 108లో వస్తే మీరు ఫోన్ చేసిన టైమ్ వాళ్ళ దగ్గర రికార్డవుతుంది. ప్రాణం మీదికొస్తే ఆటో కోసం వెతకకుండా ముందు 108కి చేయండి.

3. కార్డు పేరు చెప్పి వైద్యం ఆపితే ఆరోగ్యమిత్రకు చెప్పండి. కాకపోతే 104కి ఫోన్ చేయండి. తేదీ, టైమ్, ఆసుపత్రి పేరు తప్పకుండా చెప్పండి.

4. సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ దవాఖాన రిజిస్టర్ వివరాలు అడగవచ్చు. నెట్‌వర్క్ ఆసుపత్రిపై వచ్చిన ఫిర్యాదుల సంగతి ఆరోగ్యశ్రీ ట్రస్టును అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకు ఫీజు లేదు, దానికి రుజువు జిరాక్స్ జతచేయండి. వచ్చిన టైమ్ రాయడమే లేదని జవాబొస్తే, అది కూడా పనికొచ్చే జవాబే. దాన్ని పట్టుకొని రాయమని అడగొచ్చు.

నర్సమ్మల మీద అరవద్దు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరు చేస్తుంటారు. మీరు రాయించుకున్న టైమ్ వాళ్ళకు కూడా సాక్ష్యమే. ఇంకో మనిషి కావాలని వాళ్ళు పైవాళ్ళను అడగడానికి అదే ఆధారం.

ఆ కొడుకు అడిగినదానికి నా దగ్గర జవాబు లేకపోయింది. మీరు అడిగినప్పుడు మాత్రం జవాబు ఉండాలి. ఈ పీడీఎఫ్ మీ ఇంట్లో వాళ్ళకు, సంఘం గ్రూపులో పంపండి. చదవడం రాని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.