కంటికి కనబడని నీరు



నేడు బోరుబావిని గూర్చి మాటలాడదలచితిని. దానివలన కలిగిన మేలును కాదనువాడను కాను. కపిల తోలి, ఎద్దులును మనిషియు అలసిన దినములను మీలో పెద్దలెరుగుదురు. ఆ దినములు మరల రావలెనని ఎవరును కోరరు.

కాని నాడు రైతు నీటిని కన్నులార చూచెడివాడు. బావిలో ఎన్ని మెట్లు బయటపడినవో చూచి, వరి వేయవలెనా, ఆరుతడి పంట వేయవలెనా యని నిశ్చయించుకొనెడివాడు. ఆర్ద్ర కార్తె వానకు చెరువెంత నిండినదో ఊరందరికిని తెలిసియుండెడిది. తూము వద్ద నీరుగంటి యుండెడివాడు.

బోరు వచ్చిన పిమ్మట నీరు కంటికి మరుగైనది. గొట్టములోనికి తొంగి చూచినను చీకటియే. 2004లో సమైక్య ఆంధ్రప్రదేశములో సేద్యమునకు ఉచిత విద్యుత్తు లభించెను. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో 24 గంటల సరఫరా ప్రారంభమయ్యెను. ఆటో స్టార్టరు బిగించిన వానికి మోటారు వేయుటకై పొలమునకు పోవు పనియే లేదు. ఇప్పుడు మొబైలు ఫోనుతో ఇంటి అరుగు మీదనుండియే మీట నొక్కవచ్చును!

ఇటీవల ఒక గ్రామసభలో, మీ బోరు లోతెంత యని రైతులనడిగితిని. అడిగినంతనే చెప్పిరి. నేడు అందు నీరెంత లోతున నున్నదని యడిగితిని. ఒక్కరును చెప్పలేకపోయిరి. ఒక వృద్ధురాలు మాత్రము, తన మామగారి బావిలో నడివేసవియందును పదునేడవ మెట్టున నీరుండెడిదని చెప్పెను. ఆ బావి నేడు చెత్తతో పూడియున్నది. ఆ యూరనే ఒక రైతు వరుసగా మూడు బోర్లు వేయించి, మూడింటను నీరు పడక, అప్పు తీర్చుటకు రెండెకరములు అమ్ముకొనెను.

తెలంగాణ, రాయలసీమలలో చాలవరకు క్రిందనున్నది రాతిబండ. బోరునకు వచ్చునది ఆ బండ పగుళ్లలో నిలిచిన నీరే. చెరువునుండి ఇంకిన నీరు ఆ పగుళ్లను చేరును. చెరువు పూడిక మేటవేసి, వాగుకాలువ కబ్జాయైనచో, బోరునకు నీరెక్కడిది?

ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆంధ్రప్రదేశమున కొన్ని జిల్లాల రైతులు, స్త్రీలును పురుషులును, తామే వాన కొలిచిరి, బోర్లలో నీటి లోతు కొలిచిరి. రబీకి ముందు కూర్చుండి ఊరి నీటికి జమాఖర్చు వ్రాసిరి. నీరు చాలదని తేలినచోట పలువురు వరి తగ్గించిరి. పొమ్మని ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క కంటికి కనబడెను, అంతియే.

చిన్నతరహా నీటిపారుదల, జలనిర్వహణ రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడియున్నవి. కావున మీ పంచాయతీ గోడపై ప్రతి మాసము ఒక అంకె వ్రాయింపుడు: ఊరిలో నీరు ఎన్ని అడుగుల లోతున నున్నది. మోటారున్న బోరులో త్రాడు వదలిన చిక్కుకొనును. వాడుకలోలేని బోరునో, పాత బావినో ఎన్నుకొనుడు. త్రాడు, దాని కొసకు చిన్న బరువు చాలును. కొలుచుటకు బడిపిల్లలను పిలువుడు, కాని తోడుగా ఒక పెద్దవారుండవలెను.