చేతిపనే మందు: స్లేగిల్ స్మారకోపన్యాసాల కథ

(షోలాపురం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగశ్రవణం ముగిసిన వెంటనే మాట్లాడవలసి రావడం కొంచెం యిబ్బందే. ఆదాయవ్యయాలూ, రాజపూజ్యావమానాలూ విన్న చెవులకు ఆ తర్వాత మరేమి చెప్పినా చప్పగానే వుంటుంది. మమ్మల్ని పిలవవచ్చిన కుర్రవాళ్లు "వైద్యం మీద యేదైనా చెప్పండి, మందుల పేర్లు మాత్రం వద్దు" అన్నారు. మందుల పేరెత్తని వైద్యం ఒకటి వున్నది. ఆ వైద్యం చేసేవారు 1955 నుంచి నడుపుకొస్తున్న ఒక ఉపన్యాసమాల వున్నది. దాని కథ చెప్తాము. అది అమెరికాలో జరిగినదే అయినా ఆ కథ నడుమ మగ్గం వున్నది గనుక, పద్మశాలి కుటుంబాలు యింతమంది కూర్చున్న యీ సభలో చెప్పడానికి మాకు సంకోచం లేదు.

ఆ వైద్యాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. తెలుగులో వృత్తిచికిత్స అని రాస్తున్నారు. మాట బాగానే వుంది గాని, వినేవారు అదేదో వుద్యోగం యిప్పించే ఆఫీసు అనుకుంటారు. మన యిళ్లలో "ముసలాయనకు ఒక వ్యాపకం వుండాలి" అంటాము చూడండి, ఆ వ్యాపకమన్న మాటే దీనికి దగ్గర. జబ్బు చేసి లేచిన మనిషి తన అన్నం తాను కలుపుకోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, ముగ్గు వేయడం, బీడీ చుట్టడం, నాడె విసరడం, యివన్నీ అందులోకి వస్తాయి. చేతికి పని చెప్పి, ఆ పని ద్వారా మనిషిని తిరిగి మనిషిగా నిలబెట్టడం దాని వుద్దేశం.

యీ ఉపన్యాసాలు యెవరి పేరిట జరుగుతున్నవో ఆమె ఎలినార్ క్లార్క్ స్లేగిల్. 1870లో న్యూయార్కు రాష్ట్రంలో హోబార్ట్ అనే వూళ్లో పుట్టారు. ఆమె డాక్టరు కారు. మానసిక రోగుల ఆసుపత్రులలో పనిచేసేవారికి చేతిపనులు నేర్పే తరగతి ఒకటి షికాగోలో పెట్టినప్పుడు, 1911లో వెళ్లి అందులో చేరారు. అప్పటికి నలభై దాటినాయి. నలభై దాటిన తర్వాత కొత్త చదువేమిటి అనేవారు యీ సభలోనూ వుండవచ్చు. వారు యిది గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత బాల్టిమోరులో అడాల్ఫ్ మైయర్ అనే ప్రసిద్ధ మనోవైద్యుని వద్ద పనిచేశారు. 1917 మార్చిలో, అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగడానికి సుమారు మూడు వారాల ముందు, క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే వూళ్లో కొద్దిమంది కూడి యీ చికిత్సకొక సంఘం పెట్టుకున్నారు. ఆ కొద్దిమందిలో ఆమె ఒకరు. అందరినీ పిలిచిన జార్జి బార్టన్ వృత్తిరీత్యా ఇళ్ల నమూనాలు గీసే శిల్పి. క్షయ తగిలి, కాలివేళ్లు కొన్ని తీసివేసి, యెడమపక్క చచ్చుబడి, వడ్రంగం చేసుకుంటూ, తోటపని చేసుకుంటూ తనను తాను బాగుచేసుకున్నవాడు. రోగే వైద్యానికి మూలపురుషుడు కావడం అరుదు.

యుద్ధం వచ్చింది. చేతులూ కాళ్లూ పోయిన సిపాయిల మంచాల దగ్గరకు నేత, బుట్టల అల్లిక, చెక్కపని తీసుకుని ఆడపిల్లలు వెళ్లారు. యీ చికిత్స జనానికి తెలిసింది అప్పుడే. అయితే స్లేగిల్ గొప్పతనం మగ్గం పెట్టించడంలో కన్న మరోదానిలో వున్నదని మా అభిప్రాయం. యేళ్ల తరబడి ఆసుపత్రిలో పడివుండి, మొహం కడుక్కోవడం కూడా మరచిన రోగులకు ఆమె నిద్రలేచింది మొదలు పడుకునేదాకా ఒక దినచర్య కట్టారు. లేవడం, పళ్లు తోముకోవడం, నడక, భోజనం, కాసేపు చేతిపని, కాసేపు ఆట. మన పెద్దలు దినచర్య అన్నదాన్నే ఆమె ఆసుపత్రిలోకి తెచ్చారు. 1922 నుంచి న్యూయార్కు రాష్ట్రపు మానసిక వైద్యశాలలలో యీ పనికి పెద్దగా వుండి, సంఘం లెక్కలూ వుత్తరాలూ కూడా తానే చూసుకుని, 1937లో సంఘం బాధ్యతల నుంచి విరమించారు. 1942లో కన్నుమూశారు.

పదకొండేళ్ల తర్వాత, 1953లో, ఆమె జ్ఞాపకార్థం ఒక గౌరవోపన్యాసం పెట్టాలని సంఘం నిర్ణయించింది. సంఘ సభ్యులలో ఆ విద్యకు కొత్త జ్ఞానం చేర్చిన ఒకరిని ముందుగా యెన్నుకుంటారు. వారు తీరిగ్గా సిద్ధపడి వార్షిక సభలో ఉపన్యసిస్తారు. తర్వాత అది సంఘం పత్రికలో అచ్చవుతుంది. తగినవారు లేరనో, మరెందుకో, నడుమ కొన్నేళ్లు ఉపన్యాసం లేకుండానే గడచినాయి. ప్రతి యేడూ యెవరో ఒకరికి దండ వేసి తీరాలన్న పట్టుదల లేకపోవడం మాకు ముచ్చటగా తోచింది.

ఆ కాలపు మర్యాద యెట్లాంటిదో కొంత తెలియాలి. రెండవ యుద్ధం తర్వాత భౌతికవైద్యానికి అమెరికాలో ప్రత్యేకశాఖ హోదా వచ్చింది. 1947లో దానికొక బోర్డు యేర్పడింది. డాక్టరు చీటీ రాస్తాడు, చికిత్సకురాలు ఆ చీటీ ప్రకారం పని చేయిస్తుంది. సభల్లో డాక్టరు చెప్తాడు, ఆమె వింటుంది. యిటువంటి రోజుల్లో రోగి చెయ్యి పట్టుకుని పనిచేయించేవారే వేదికెక్కి, తమ విద్య యేమిటో తామే చెప్పుకునే అవకాశం యీ ఉపన్యాసం యిచ్చింది.

1955లో మొదటి ఉపన్యాసం ఫ్లారెన్స్ స్టాటెల్ చేశారు. విషయం చికిత్సకు తయారుచేసిన సామగ్రి. 1960లో మ్యూరియల్ జిమ్మర్మన్ కూడా వికలాంగులకు పనికివచ్చే వుపకరణాల గురించే మాట్లాడారు. ఒంటిచేత్తో కూరగాయలు తరగడమెట్లా, వంగకుండా చెప్పు తొడుక్కోవడమెట్లా అన్నవాటిలాంటి సంగతులు. చిన్నవిగా కనబడతాయి, చెయ్యి పడిపోయినవారి యింట్లో వాటికన్న పెద్ద సంగతి లేదు.

తర్వాతి యేడు, 1961లో, మేరీ రైలీ వచ్చారు. ఆమె సామగ్రి జోలికి పోలేదు. అసలు మనం చేసే పనిలో లోకానికి అవసరమైనంత బలం వున్నదా అని తనవాళ్లనే నిలదీశారు. మనసూ పట్టుదలా తోడై చేతులు పనిచేస్తే మనిషి తన ఆరోగ్యాన్ని తానే కొంత మార్చుకోగలడన్న నమ్మకమే యీ విద్యకు పునాది అని చెప్పి, యిరవయ్యవ శతాబ్దపు వైద్యంలో యిదొక గొప్ప ఆలోచన కాగలదన్నారు. 1963లో జీన్ ఏర్స్ పిల్లల సంగతి యెత్తుకున్నారు. మొండివాడు, వెర్రివాడు అని మనం దెబ్బలు వేసే పిల్లవాడి మెదడులో చూపూ స్పర్శా తూకమూ సరిగా కలవకపోవడం వల్ల తంటా రావచ్చునన్న ఆలోచనకు ఆ కృషి దారితీసింది. 1966లో ఎలిజబెత్ యెర్క్సా యింకో అడుగు వేశారు. డాక్టరు చీటీ తప్పనిసరి అని మనలో చాలామంది యిప్పుడు అనుకోవడం లేదని సభలోనే అన్నారు. అంతకన్న ముఖ్యంగా, యే పని చెయ్యాలో రోగే యెంచుకోవాలన్నారు. మా లెక్కలో యీ మొత్తం ఉపన్యాసాలలో అసలు మలుపు అది.

మరి మగ్గం యేమైంది? క్రమక్రమంగా ఆసుపత్రులలో మూలపడింది. బుట్టలల్లేవాళ్లని యెగతాళి చేస్తున్నారని చికిత్సకులకే నామోషీ కలిగింది. సైన్సు కావాలి, యంత్రాలు కావాలి అన్నారు. 1986లో కాత్లిన్ రీడ్ తన ఉపన్యాసానికి పెట్టుకున్న ప్రశ్నే అది: మన పనిముట్లు వారసత్వమా, మోతబరువా? కొన్ని పనిముట్లు యెందుకు వచ్చినాయి, యెందుకు పోయినాయి, అందులో నిజంగా వైద్యం యెంత, కాలపు మోజు యెంత అని ఆమె తరచి చూశారు. యీ ప్రశ్న ఆ విద్యవారికే కాదు. కరీంనగరం, నల్లగొండ, పాలమూరు వైపునుంచి యిక్కడికి వచ్చిన మన కుటుంబాలలో అటకమీద మగ్గం చెక్కలు చూసి యిదే మాట అనుకోని యిల్లున్నదా? మూడో తరంవారు అమ్మివేద్దామంటారు, ముసలామె వద్దంటుంది.

యిక్కడ మా యింటి ముచ్చట ఒకటి. మా పెదబాపు నలభై యేళ్లు నేసిన చెయ్యి పక్షవాతంతో పడిపోయింది. కోడళ్లు మంచివాళ్లు. మంచం దిగనివ్వలేదు, అన్నం నోట్లో పెట్టారు. చెయ్యి మెదపడానికి యిచ్చిన రబ్బరు బంతిని ఆయన రెండుసార్లు నొక్కి గోడకేసి కొట్టాడు. అప్పుడు ఆసుపత్రినుంచి వచ్చిన మరాఠీ అమ్మాయి, యింట్లో యేముందో చూసి, అటకమీది రాట్నం దింపించి, కండెలు చుట్టమన్నది. కోడళ్లకు సిగ్గయింది. "జబ్బుమనిషి చేత పని చేయిస్తున్నారని గల్లీలో అనరా?" అన్నారు. ఆయన మాత్రం నూలు పట్టుకోగానే పోగు తీరు బాగాలేదని తిట్టడం మొదలుపెట్టాడు. చెయ్యి పూర్తిగా రాలేదు, మళ్లీ నేయలేదు. భోజనం వేళకు పది కండెలు చుట్టేవాడు, తన కంచంలో తానే తినేవాడు.

యిది ముసలాయన మొండితనం కాదని తెలియడానికి 1995 నాటి కాథరిన్ ట్రాంబ్లీ ఉపన్యాసం చదవాలి. వుత్త చెయ్యి గాలిలోకి చాపమంటే ఒక తీరున కదులుతుంది, నిజమైన వస్తువు అందుకోవడానికి చాపితే మరింత సాఫీగా కదులుతుంది అని కొలిచి చూపిన పరిశోధనలు అప్పటికే వచ్చినాయి. పనికి అర్థమూ ప్రయోజనమూ వుండటమే ఒక చికిత్సాశక్తి అని ఆమె వాదించారు. 1999లో చార్లెస్ క్రిస్టియన్సెన్ మనిషి చేసే పనులే "నేను ఫలానా" అన్న గుర్తింపును కడతాయన్నారు. యింటిపేరు అడగకముందే "యేం పని చేస్తారు" అని అడిగే మనకు అది కొత్తగా అనిపించదు.

అయితే మగ్గాన్ని దేవతను చేయడం మాకు యిష్టం లేదు. బాగుచేసే పనే, మోతాదు మించితే, ఒళ్లు విరుస్తుంది. ఆసు పోసే ఆడవాళ్ల భుజాలు యేమవుతవో మీకు చెప్పనక్కరలేదు. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేకనే ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు; 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ పనిలో యంత్రం చేతికన్న మేలు. యెక్కడ చెయ్యి కావాలి, యెక్కడ యంత్రం కావాలి అని విడదీసి చూడటమూ వృత్తిచికిత్సలో భాగమే.

యీ విద్య మన దేశానికి వచ్చింది కూడా మనకు దూరంగా కాదు. 1900లో అమెరికాలో క్వేకర్ కుటుంబంలో పుట్టిన ఎలిజబెత్ లండీ, నింబ్కర్ యింటి కోడలై, కమల అయి, 1950లో బొంబాయి పరేలులోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదటి వృత్తిచికిత్స పాఠశాల పెట్టారు. 1952లో అఖిలభారత సంఘం యేర్పడింది. అదే యేడు పది దేశాలు కలిసి ప్రపంచ సమాఖ్య కట్టుకుంటే అందులో భారతదేశం ఒకటి. కమలా నింబ్కర్ 1979లో పోయారు. ఆ ఆసుపత్రి చుట్టూ ఒకప్పుడు మిల్లులే. వాటిలో పనిచేసిన తెలుగువారి మనుమలు యీ సభలో యెందరున్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది. ఆ కాలేజీ సీట్లలో మన పిల్లలు యెందరున్నారని అడిగితే చేతులు లేవవని మా అనుమానం. డాక్టరు, యింజనీరు తప్ప మూడో పేరు మన యిళ్లలో పలకరు.

చివరగా ఒక విన్నపం. సంఘం వెనుక గది పగటిపూట ఖాళీగా వుంటున్నది. వారానికి రెండుసార్లు వచ్చి, చెయ్యి పడిపోయినవారిని పరీక్షించి, వారికి తగిన పని చూపడానికి ఒక చికిత్సకురాలు ఒప్పుకున్నారు. డాక్టరు కాగితాలు వెంట తెచ్చుకోవాలి. గదికి కావలసినవి రెండు రాట్నాలు, ఒక చిన్న మగ్గం, కొంత పాత నూలు. అటకమీద వున్నవారు అమ్మేముందు కార్యదర్శిగారితో ఒకమాట చెప్పండి. చెక్క పుచ్చినా ఫరవాలేదు, సరిచేసే వడ్రంగి మన గల్లీలోనే వున్నాడు.