హోటళ్లలో పనిచేసే స్త్రీలు - వైద్య సదుపాయం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. మా తెలుగు సగం పుస్తకాలది, సగం బజారుది. తప్పులు దొర్లితే మన్నించవలెను. విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మేము మాత్రం హోటళ్లలో పనిచేసే స్త్రీల ఆరోగ్యం గురించి చెప్పదలచుకున్నాము. బడికీ హోటలుకూ ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది.

నిరుడు మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మూడు వారాలు రాలేదు. లెక్కల్లో చురుకైన పిల్ల. రిజిస్టరులో రోజూ గైర్హాజరు గుర్తు పెడుతూ వచ్చామే గాని, కారణం విచారించలేదు. ఆ తప్పు మాది. చివరకు ఇంటికి వెళ్లి చూస్తే తల్లి మంచం మీద ఉన్నది. ఆమె ఒక హోటల్లో వెనుకవైపు ఉల్లిగడ్డలు కోసి, అల్లం వెల్లుల్లి ఒలిచి, గిన్నెలు తోమే పని చేస్తుంది. తల్లి రాకపోతే ఆ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటారని, కూతురు బదులుగా పోతున్నది. పద్నాలుగేళ్లు నిండని పిల్లను పనిలో పెట్టుకోవడం నేరమని ఆ హోటలువారికి తెలియదా? తెలుసు. కాని అడిగేవాళ్లు లేరు.

తల్లికి మొదట మూత్రంలో మంట. తరువాత నడుము నొప్పి, చలిజ్వరం. నెలన్నర ఓర్చుకున్నది. మందుల షాపులో అడిగి మాత్రలు మింగింది. జబ్బు మూత్రపిండాలకు పాకిన తరువాత ప్రభుత్వ పెద్ద దవాఖానాలో తొమ్మిది రోజులు ఉండవలసి వచ్చింది. "బస్తీ దవాఖానా రెండు గల్లీల అవతలే గదమ్మా, ముందే ఎందుకు పోలేదు?" అని అడిగాము. "పొద్దున తొమ్మిదికి తెరుస్తారు, సాయంత్రం నాలుగింటికి మూస్తారు మాస్టర్ సాబ్. నేను తొమ్మిదికి పనిలోకి పోతా, రాత్రి తొమ్మిదికి వస్తా. ఎప్పుడు పోవాలె, మీరే చెప్పండి" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ జవాబు కోసమే నేడు మీ ముందు నిలబడ్డాము.

ఈ స్త్రీల జబ్బులు ఎక్కడినుంచో ఊడిపడినవి కావు. చాలా హోటళ్లలో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. మాటిమాటికీ లేవవలసి వస్తుందని వీళ్లు పగలంతా నీళ్లు తాగరు. మూత్రం ఆపుకుంటారు. మంట అక్కడే మొదలు. రోజంతా సబ్బునీళ్లలో చేతులు నానితే వేళ్ల సందులు పాస్తాయి, గోళ్లు పుచ్చుతాయి. పది గంటలు నిలబడితే కాళ్ల నరాలు ఉబ్బుతాయి. నూనె చింది కాలితే ఏదో పూత పూసి మళ్లీ పనిలో దిగుతారు. పైగా రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. రంజాన్ నెలలో హలీం బట్టీలు రాత్రింబవళ్లు మండుతున్నప్పుడు వీళ్ల పని ఎంత పెరుగుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

సర్కారు ఏమీ చేయలేదని మేము అనము. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వెలిశాయి. స్త్రీల కోసం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలుపెట్టి మంగళవారాలు కేటాయించారు. పెద్ద ఆపరేషన్లకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అయితే మంగళవారం పొద్దున సెలవు అడిగితే ఆ రోజు కూలి పోతుంది. కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని చిన్న జబ్బును పెద్దదయ్యేదాకా మోస్తారు.

దీనికి మందు చట్టంలో ఉన్నది. అదే ఇ.ఎస్.ఐ. 1948 చట్టంతో మొదలైన ఏర్పాటు. పదిమందీ, ఆ పైన పనివాళ్లు ఉన్న హోటలుకు ఇది వర్తిస్తుంది. 2017లో జీతపు హద్దు నెలకు 21,000 రూపాయలుగా పెట్టారు. 2019 జూలై నుంచి పనివారి వాటా నూటికి ముప్పావు రూపాయి, యజమాని వాటా మూడుంబావు రూపాయలు. అంటే నెలకు 10,000 రూపాయల జీతం తీసుకునే మనిషికి ఆమె కట్టేది 75, యజమాని కట్టేది 325. ఈ నాలుగు వందలకు ఆమెకే గాక కుటుంబానికి కూడా వైద్యం దొరుకుతుంది. చందా రోజులు చాలినన్ని ఉంటే, జబ్బు చేసి సెలవు పెట్టినప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో నూటికి 70 వంతు వస్తుంది. కాన్పుకు 26 వారాలు పూర్తి జీతం వస్తుంది. ఆ తల్లి పేరు ఇందులో ఉండి ఉంటే, కూతురు ఉల్లిగడ్డలు కోయబోయేది కాదు.

మరి పేరు ఎందుకు లేదు? పట్టీలో ఆరుగురు, వంటింట్లో పద్నాలుగురు. "వాళ్లు మా మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు" అంటారు. లెక్కలో కాంట్రాక్టు మనుషులు కూడా చేరుతారని చట్టం చెబుతున్నది. ఈ సభలో హోటళ్ల మాలికులు ఉన్నారు. మా బడికి నోటు పుస్తకాలు పంచినవారు, బీద పిల్లల ఫీజులు కట్టినవారు ఉన్నారు. వారి మేలు మేము మరువము. ఆ చనువుతోనే అంటున్నాము. ఖైరాత్ వేరు, హక్కు వేరు. ఖైరాత్ మీ దయ. 325 రూపాయలు ఆమె హక్కు.

మన సంఘం సంగతీ కొంచెం చూసుకుందాము. ఏటా ఉచిత వైద్య శిబిరం పెడతాము. ఎప్పుడు? ఆదివారం పొద్దున పదింటికి. ఆదివారం హోటళ్లకు గిరాకీ రోజు. పోయిన శిబిరంలో పేర్లు రాసుకున్నది మేమే. హోటలు పని అని రాయించుకున్న స్త్రీ ఒక్కతె కూడా లేదు. ఆ మధ్యాహ్నం మనం తిన్న దావత్ పళ్లాలు తోమింది మాత్రం వాళ్లే.

కనుక మా విన్నపాలు ఇవి. మొదటిది, సంఘ సభ్యులైన మాలికులు వచ్చే రంజాన్ లోపల తమ పనివాళ్లందరినీ, ఆడవాళ్లతో సహా, ఇ.ఎస్.ఐ.లో చేర్పించవలెను. పదిమంది లేని చిన్న హోటలువారు నెలకు ఒక పూట, కూలి కోయకుండా, దవాఖానాకు పంపవలెను. రెండవది, ఆడవాళ్లకు గొళ్లెం ఉన్న మరుగుదొడ్డి, తాగే నీళ్లు, గిన్నెలు తోమేచోట రబ్బరు తొడుగులు. వీటికి పెద్ద ఖర్చు లేదు. మూడవది, మన శిబిరాన్ని ఆదివారం నుంచి మార్చి, నెలకు ఒకమారు పనిరోజున, మధ్యాహ్నపు గిరాకీ తగ్గే వేళ, హోటళ్లు ఉన్న వీధిలోనే పెట్టవలెను. లేడీ డాక్టరు ఉండాలి. రక్తం, మూత్రం, షుగరు, బి.పి. అక్కడే చూడాలి.

ఊరికే చెప్పిపోవడం మాకు ఇష్టం లేదు. దరఖాస్తులు తెలుగులో, ఇంగ్లీషులో ఉంటాయి. వీళ్లలో చాలామందికి ఉర్దూ మాత్రమే వచ్చు, కొందరికి అదీ రాదు. ప్రతి గురువారం రాత్రి తొమ్మిదిన్నర నుంచి సంఘం ఆఫీసులో మేము ముగ్గురం ఉపాధ్యాయులం కూర్చుంటాము. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం పట్టుకుని రమ్మనండి. కాగితాలు మేము నింపుతాము.

ఆ అమ్మాయి ఇప్పుడు తిరిగి బడికి వస్తున్నది. తల్లి మళ్లీ అదే పనికి పోతున్నది. ఆమె పేరు ఇంకా ఏ పట్టీలోనూ లేదు. వచ్చే ఏడు ఈ సభనాటికి ఆ పేరు ఎక్కిందని చెప్పే భాగ్యం మాకు కలిగించండి.