30 వేల యెన్ల సుషీ.. చెడగొట్టుకున్నది నేనే!

పోయిన ఎపిసోడ్‌లో టోక్యో రైళ్ల గురించి చెప్పుకున్నాం కదా, ఈసారి సుషీ. "అన్నా, పచ్చి చేపే కదా, దానికి అంత డబ్బెందుకు?" అని చాలామంది అడిగారు. వెళ్లకముందు నేనూ అదే అనుకున్నా.

గింజాలో ఒక చిన్న కౌంటర్. ఎనిమిదే సీట్లు. రాత్రి భోజనం 30 వేల యెన్లు, మన డబ్బుల్లో దాదాపు 17 వేలు. మూడు నెలలు బయట తిండి మానేసి దాచుకున్న డబ్బు అది. అక్కడ మెనూ ఉండదు. ఒమకాసే అంటారు, అంటే "మీకే వదిలేస్తున్నా" అని. ఆ రోజు ఏ చేప బాగుంటే అది, ఆయన పెట్టిన వరసలో, ఒక్కోటిగా తినాలి.

మొదటిది పెట్టాడు. నేను ఫోన్ తీశాను. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, స్లో మోషన్‌లో ఇంకొకటి. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. రెండోదానికీ అదే పని. మూడోది పెట్టి, వేలితో అన్నం వైపు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో "రైస్.. వార్మ్.. నౌ" అన్నాడు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. గబుక్కున నోట్లో వేసుకున్నా గానీ, సిగ్గుతో రుచే తెలియలేదు.

విషయం ఏంటంటే, సుషీలో సగం కథ అన్నానిదే. వెనిగర్, ఉప్పు కలిపిన ఆ అన్నాన్ని షారి అంటారు. ఇంచుమించు ఒంటి వేడిలో ఉంచుతారు. నొక్కీ నొక్కనట్టు పడతారు. చేతిలో విడిపోకూడదు, నోట్లో పెట్టగానే విడిపోవాలి. కాసేపు ఆగామా, అన్నం చల్లారుతుంది, చేప పైన ఆరిపోతుంది. అమ్మ వేడన్నంలో నెయ్యేసి ముద్ద కలిపి చేతిలో పెడితే, ఆగమ్మా ఫొటో తీసుకుంటా అంటే ఊరుకుంటుందా?

నాలుగోది చేత్తో తిన్నా. అవును, నిగిరి సుషీని చేత్తో తినడం అక్కడ తప్పేం కాదు. మనకది పుట్టుకతో వచ్చిన విద్య! అది కొహాదా, ఉప్పులో, వెనిగర్‌లో ఊరబెట్టిన చిన్న చేప. పులుపు, ఉప్పు, వెనకాలే అన్నం తీపి.. అప్పుడు అర్థమైంది, ఇది ఉత్త పచ్చి చేప కాదని.

అసలు ఈ నిగిరి 1820ల్లో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, బండి మీద అమ్మిన తిండి. హనాయా యోహెయ్ అనే ఆయన పేరు చెప్తారు. నిలబడి రెండు ముక్కలు తిని పనికి పోయేవాళ్లు. ఫ్రిజ్‌లు లేవు కాబట్టి చేపను ఊరబెట్టేవాళ్లు, ఉడికించేవాళ్లు. ట్యూనాలో కొవ్వున్న భాగం, తోరో, నిలవ ఉండదని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇప్పుడేమో దానికే ఎక్కువ గిరాకీ. 2019 జనవరిలో తోయోసు మార్కెట్ వేలంలో 278 కిలోల ట్యూనా ఒక్కటి 33 కోట్ల 36 లక్షల యెన్లు పలికింది!

ఇక స్టార్ల గోల. జిరో గారి షాపు పేరు వినే ఉంటారు. గింజాలో ఒక బిల్డింగ్ బేస్‌మెంట్‌లో పది సీట్లు, మూడు మిషలిన్ స్టార్లు. 2019 చివర్లో గైడ్‌లోంచి తీసేశారు. రుచి తగ్గి కాదు, మామూలు జనం బుక్ చేసుకునే వీలు లేదని. మీరూ నాలాగా పెద్ద కౌంటర్‌కే వెళ్లాలనుకుంటే మధ్యాహ్నం చూడండి, చాలాచోట్ల రాత్రికంటే తక్కువ పడుతుంది. సెంటు కొట్టుకుని వెళ్లకండి, పక్కవాళ్లకి చేప వాసన తెలియదు. టిప్ అక్కర్లేదు.

మర్నాడు నేను కుర్చీలే లేని షాపుకెళ్లా, తాచిగుయి అంటారు. నిలబడి ఒక్కోటి అడిగి తినడమే. పక్కన ఆఫీసుకెళ్లే ఒకాయన ఐదు నిమిషాల్లో తినేసి వెళ్లిపోయాడు. నేను కొహాదా రెండుసార్లు అడిగా. 3 వేల యెన్లలో కడుపు నిండింది. ఫోన్ బ్యాగ్‌లోనే ఉంది.

అందుకే ఇవాళ వీడియోలో సుషీ క్లోజప్‌లు రెండే ఉన్నాయి. ఆ రెండూ చల్లారినవే.