రేవు రద్దీ - వర్తకునిపై పడు అదనపు రుసుములు

(వార్షిక మహాసభ వర్తక గోష్ఠియందు గావింపబడిన ఉపన్యాసము)



సీమాంతరములకు సరకు పంపువారును, తెప్పించుకొనువారును ఈ సభయందు పెక్కండ్రు గలరు. ఓడ బాడుగ యెంతయని మనమందఱము అడుగుదుము, బేరమాడుదుము. బాడుగచీటి క్రింద చిన్న యక్షరములలో నుండు అదనపు రుసుములను గూర్చి విచారించువారు మాత్రము అరుదు.

రేవులోనికి దిగిన కంటైనరును ఉచితపు గడువులోపల కొనిపోనిచో పడునది డెమరేజి. కొనిపోయిన పెట్టెను గడువులో తిరిగి అప్పగింపనిచో పడునది డిటెన్షను. రేవు క్రిక్కిరిసినదని ఓడ కంపెనీ బాడుగపై వేయునది కంజెషన్ సర్‌ఛార్జి. మొదటి రెండును మూలమున న్యాయమైనవే. సోమరి వర్తకుడు రేవును తన గిడ్డంగిగా వాడుకొనరాదు గదా! కాని కదల్చుటకు వీలులేని సరకుపై రుసుము వేసిన, అది దేనిని కదల్పగలదు?

2021వ సంవత్సరమున అమెరికా పడమటి తీరమున జరిగినది చూడుడు. ఆ దేశమునకు వచ్చు కంటైనరు దిగుమతులలో నూటికి సుమారు 40 వంతులు లాస్ ఏంజెలిసు, లాంగ్‌బీచి అను జంటరేవులగుండ నాడు పోవుచుండెను. కరోనా కాలమున ఇండ్లయందే యున్న జనులు వస్తువులను విరివిగ కొనజొచ్చిరి. 2022 జనవరి నాటికి వంతుకై వేచియున్న కంటైనరు ఓడలు 109కి చేరెను. చిక్కు సముద్రముపై మాత్రమే కాదు. గిడ్డంగులు నిండినందున పెట్టెలు లారీ చాసీలమీదనే నిలిచిపోయెను. చాసీలు దొరకక రేవులోని పెట్టెలు కదలవయ్యెను. ఖాళీ పెట్టెను మరలించుటకు పోయిన లారీని "నేడు పుచ్చుకొనము" అని ద్వారముకడనే త్రిప్పి పంపిరి. పుచ్చుకొనని పెట్టెకు డిటెన్షను మాత్రము దినదినము పెరుగుచునే యుండెను!

ఇట్టి రుసుము సరకును కదల్చుటకు ప్రేరణ మగునంతవఱకే సమంజసమని ఆ దేశపు ఫెడరల్ మారిటైం కమిషను 2020 మేలోనే తెలిపియుండెను. 2022 జూన్ 16న వచ్చిన శాసనము, రుసుము సమంజసమని నిరూపించు భారమును ఓడ కంపెనీపైనే మోపెను. 2024 మే నుండి అమలైన నిబంధనలచే 30 దినములలో బిల్లు పంపవలెను. ఆక్షేపించుటకు వర్తకునకు కనీసము 30 దినములు గడువీయవలెను.

ఇచట నొక వింత. 2021 అక్టోబరులో ఆ జంటరేవులే, మిక్కిలి దినములు నిలిచిన పెట్టెకు తొలినాడు 100 డాలర్లు, ఆపై దినమునకు మఱి యొక 100 చొప్పున పెంచుచు ఓడ కంపెనీలపై రుసుము వేయుదుమని ప్రకటించెను. వాయిదాపై వాయిదా వేసి 2023 జనవరిలో దానిని విరమించెను. ఒక్క డాలరైనను వసూలు కాలేదు. నిలువ పెట్టెలు మాత్రము చాలవఱకు తగ్గెను. భయము, కదల్పగలవానికి పెట్టిరి గనుక ఫలించినదని నా తలంపు.

మన కోస్తా జిల్లాల రొయ్యలకు అమెరికా పెద్ద విపణి. శీతల కంటైనరు రేవులో నిలిచినన్ని దినములును దానికి విద్యుత్తు కావలెను. వర్తకుని సొమ్ము చిక్కుకొనియుండును, బ్యాంకు వడ్డీ పెరుగును. ఈ భారమంతయు తుదకు చెరువుగట్టున రైతునకు పలుకు ధరపై దిగును. ఇక అమెరికా శాసనము విశాఖపట్టణమున పడు రుసుములకు వర్తింపదు. కావున సరకు ఎక్కింపకమున్నే ఉచితపు గడువెన్ని దినములో, రేవే పుచ్చుకొనని దినములను లెక్కింతురో లేదో, సర్‌ఛార్జి నెవరు భరింపవలెనో ఒడంబడికలో వ్రాయించుకొనుడు. లారీని త్రిప్పి పంపినచో తేదీని, గంటను వ్రాయించి చీటి పుచ్చుకొనుడు.

చిన్న వర్తకు డొంటరిగా పోయి వాదింపలేడు. మీయొద్దనున్న బిల్లులను, చీటీలను అపరాహ్ణపు గోష్ఠికి తెండు. అన్నిటిని ఒకచోట చేర్చి మహాసభ పక్షమున మహజరు సిద్ధపఱుతము.