పట్టాలో లేని పేరు

గ్రామపెద్దలారా,

సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతమున 2008వ సంవత్సరమున శ్రీసిటీ వెలసినది. నేడు యంత్రాగారములున్న యా నేలలో కొంత పూర్వము పైరు పండిన నేలయే.

అట్టి యూళ్ళలో వృద్ధురాలైన రైతు ఇల్లాలిని తలచుకొనుడు. కాపురమునకు వచ్చినది మొదలు తెల్లవారకమునుపే లేచి పేడ యెత్తినది, నారు నాటినది, కలుపు తీసినది, వేరుసెనగకాయలు వలిచి విత్తనము సిద్ధపరచినది. కరవునాడు తాను గంజి త్రాగి, బిడ్డలకు సంకటి పెట్టినది. అరువదేండ్ల యీ కష్టమునకు పట్టాలో గుర్తు లేదు.

నేల నేలగా నున్నంతకాలము ఆ లోటు తెలియదు. నేల రూకలుగా మారిననాడు పరిహారము పట్టాలోని పేరునే వెదకును.

భర్త వీలునామా వ్రాయక గతించినచో, అతని యాస్తిలో భార్యకు బిడ్డలతో సమభాగమును 1956 నాటి హిందూ వారసత్వచట్టము ఇచ్చినది. ఉమ్మడి యాస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కును 2005 నాటి సవరణ ఇచ్చినది. కాని భర్త జీవించియుండగా ఇల్లాలి పేరు పట్టాకెక్కించుట చట్టము తనంత తాను చేయదు. అది యజమాని చేయవలసిన పని.

కావున స్వార్జితమైన భూమిలో ఎకరమైనను ఆమె పేర వ్రాసి రిజిస్టరు చేయింపుడు. అది దానము గాదు, బాకీ తీర్చుట.